ఛాయాచిత్రకళలో క్రొత్త త్రోవలు



కన్నులకు సంబంధించిన కళనుగూర్చి చెవులకు వినిపింపవలసివచ్చుట కొంత విడ్డూరమైన పని. సభలో మాటలాడువాడు గోడమీద పటమును వ్రేలాడదీసి, కఱ్ఱతో చూపి, "ఇదిగో" అనవచ్చును. రేడియోలో మాటలాడువానికి ఆ సదుపాయము లేదు. అయినను ఇందువలన నొక మేలు కలదని నాకు తోచుచున్నది. ఒక ఛాయాచిత్రమును మాటలతో వర్ణింపబూనినపుడు, అందులో ముఖ్యమైన దేదియో, కేవలము అలంకారమైన దేదియో వెంటనే తేలిపోవును. "చాల అందముగా నున్నది" అనుట తప్ప మఱేమియు చెప్పుటకు దొరకని చిత్రము సామాన్యముగా అందముగా మాత్రమే యుండును.

ఛాయాచిత్రకళలో క్రొత్తదన మెక్కడ దొరకునన్నది నేటి ప్రసంగవిషయము. ఈ ప్రశ్న నిప్పుడేల అడుగవలసివచ్చినదనగా, ఒకప్పుడు ఊరికొక స్టూడియో యున్న గొప్ప. కెమేరా గలవానికి పెండ్లిలో పురోహితుని తరువాతి పీట. నేడు జేబులో ఫోను గల ప్రతివాని యొద్దను కెమేరా కలదు. సూర్యోదయము, కొబ్బరిచెట్టు, ముసలివాని ముఖముమీది ముడుతలు, చార్మినారు వెనుకనుండి వచ్చు చంద్రుడు, గోదావరిమీది పడవ, వీనిని ఎందఱు తీసిరో, ఎన్నిమాఱులు తీసిరో లెక్కలేదు. అంతటితో నాగక, కెమేరాయే లేకుండ, మాటలతో కోరినంతనే బొమ్మను కల్పించి యిచ్చు యంత్రములును వచ్చినవి. ఇట్టి స్థితిలో ఒక యువకుడో యువతియో కెమేరా చేతబట్టి, "ఇంక నేను చేయవలసినది ఏమి మిగిలినది?" అని అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. కళకు సంబంధించినంతమట్టునకే కాదు, కూటికి సంబంధించినంతమట్టునకును అది న్యాయమే. పెండ్లిండ్లకును శుభకార్యములకును ఫోటోలు తీసి సంసారము నడుపుకొను కుటుంబములు మన పట్టణములలో ఎన్నియో కలవు.

అన్నియు అయిపోయినవను నిరాశ ఈ కళకు క్రొత్తది కాదు. దాని చరిత్రలో కొన్ని ఘట్టములను చూచినచో, త్రోవ మూసికొనిపోయిన దని యనుకొన్నప్పుడెల్ల అది ఎటునుండి తెఱచుకొనినదో కొంత తెలియును.

ఈ కళ పుట్టుకయే ఒక చేతగానితనమునుండి కలిగినది. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను ఆంగ్లేయ పండితుడు 1833లో ఇటలీ దేశమునందలి కోమో సరస్సు ఒడ్డున కూర్చుండి, ఎదుటి దృశ్యమును చిత్రింపబూనెను. చిత్రలేఖనమునకు సాయపడు గాజుపరికరము చేతనుండియు గీతలు సరిగా రాలేదు. దృశ్యము తనంతట తానే కాగితముపై ముద్రపడు ఉపాయ మేదియు లేదా యని ఆతడు అప్పటినుండి ఆలోచింపసాగెను. ఇంటికి మరలివచ్చి, ఉప్పునీటిలో తడిపి వెండిలవణము పూసిన కాగితములతో ప్రయోగములు చేసెను. చిన్నచిన్న కొయ్యపెట్టెలు చేయించి ఇంటిచుట్టును అక్కడక్కడ నుంచెను. ఆతని భార్య వానికి 'ఎలుకబోను'లని పేరు పెట్టినది. 1835 ఆగస్టులో అట్టి యెలుకబోనులో, లేకాక్‌లోని తమ ఇంటి కిటికీ చిక్కెను. నేటికిని నిలిచియున్న నెగటివులలో అదియే మొట్టమొదటిదని చెప్పుదురు. ఇంచుమించు తపాలాబిళ్ల యంతటి కాగితము. క్రొత్తగా నున్నదని పడినప్పుడు, భూతద్దముతో చూచినచో అందులోని గాజుపలకలను, సుమారు 200, లెక్కపెట్టవచ్చునని ఆతడు దానిప్రక్కన వ్రాసికొనెను. టాల్బట్ క్రొత్తదనముకొఱకు వెదకలేదు. తనకు రాని పనిని చేయింపగల సాధనముకొఱకు వెదకెను. ఈ భేదమును దయచేసి మనస్సునం దుంచుకొనుడు.

తరువాత 1839లో ఫ్రాన్సునందు డాగెర్ కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడి యైనది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ కెమేరాను అమ్మకమునకు బెట్టెను. అందు నూఱు బొమ్మలకు సరిపోవు ఫిల్ముచుట్ట యుండెడిది. అది అయిపోయిన పిదప పెట్టె నంతయు కర్మాగారమునకు పంపినచో, బొమ్మలను అచ్చొత్తి, క్రొత్తచుట్ట వేసి తిరిగి పంపెడివారు. దానితో ప్రతివాడును ఛాయాగ్రాహకు డయ్యెను. నేటి మన గగ్గోలువంటిదే నాడును పుట్టినది. అందఱును తీయగలిగినప్పుడు కళాకారునికి ప్రత్యేకత యేమి? నాటి కళాకారులలో పెక్కుమంది దీనికి చెప్పుకొన్న సమాధానము, ఫోటోను వర్ణచిత్రమువలె కనబడునట్లు చేయుట. కటకమును మసకచేసిరి. కాగితముపై జిగురును రంగును పూసి కుంచెతో దిద్దిరి. మంచు కమ్మిన చెఱువులు, తెల్లని వస్త్రములు ధరించిన కన్యలు బయలుదేరిరి. వానిలో కొన్ని మనోహరములే. కాని యిరువది యేండ్లలో అవియన్నియు ఒకే చేతితో తీసినట్లు కనబడసాగినవి. నేడు ఫోనులో వ్రేలితో నొక్కినంతనే పాత ఫిల్మురంగును, సాయంకాలపు పసుపును పూయు ఉపకరణములు ఆ మసక కటకమునకు మునిమనుమలే.

ఆ త్రోవనుండి మరలించినవారిలో ఒకరు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. న్యూయార్కులో ఆయన 1903 నుండి 1917 వఱకు 'కెమేరా వర్క్' అను పత్రికను నడపెను. ఆరంభములో ఆ పత్రికయు మసకచిత్రములకే నిలయము. కడపటి సంచికలో మాత్రము పాల్ స్ట్రాండ్ అను యువకుని చిత్రము లచ్చుపడినవి. అందొకటి గ్రుడ్డి స్త్రీ ముఖము. మెడలో 'గ్రుడ్డిది' అని వ్రాసిన అట్ట. మంచు లేదు, కుంచె లేదు, జాలిగొలుపు భంగిమ లేదు. నిలువబడి సూటిగా చూచినచో ఎట్లుండునో అట్లున్నది. కెమేరాకు సహజమైన పదునును దాచుకొనుటకు సిగ్గుపడని చిత్ర మది. ఆనాటికి క్రొత్తదన మన్నచో నదియే.

ఎడ్వర్డ్ వెస్టన్ చేసిన పని నాకు మఱింత ఆశ్చర్యము గొలుపును. 1930లో, కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో, ఆయన ఒక మిరపకాయను ఫోటో తీసెను. మన అంగళ్లలో బెంగుళూరు మిరప యని యమ్మెడు లావుపాటి జాతి. అప్పటికే మిరపకాయలను పలుమాఱులు తీసియుండెను. ఏదియు తృప్తి నీయలేదు. తుద కొకనాడు దానిని రేకుగరాటిలోపల, దాని నోటివద్ద, పడుకొనబెట్టెను. గరాటి వంపుగోడలమీద పడిన వెలుగు చుట్టునుండి మెత్తగా మిరపకాయపై వాలినది. కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నదిచేసి, కొన్ని నిమిషములపాటు తెఱచియుంచెను. వచ్చిన బొమ్మలో మిరపకాయ మిరపకాయగానే యున్నది. అయినను వీపు వంచి ముణుగుకొని కూర్చున్న మనుష్యుని కండరమువలెను ఉన్నది. దానికి పేరుకూడ 'మిరపకాయ, 30వ సంఖ్య' అనియే. ఈ సంఖ్యను గమనింపుడు. ముప్పదవది కుదిరినది గాని మొదటిది గాదు. ఆ వస్తువునే విడువక పట్టుకొని, గరాటి దొరకువఱకు వెదకుటలో క్రొత్తదన మున్నది. ఆయన నమూనాలు పిదప వంటయింటికి పోయెడివని కూడ చెప్పుదురు. కళకును కూరకును విరోధ మేమియు లేదు.

రష్యాలో రోడ్చెంకో వేఱుత్రోవ త్రొక్కెను. కెమేరాను కడుపువద్ద పట్టుకొని చూచుట యలవాటగుటచే లోకమంతయు బొడ్డుమట్టమునుండియే కనబడుచున్నదని ఆయన యాక్షేపము. కనుక 1920ల నడుమ మాస్కోలోని తన మేడ గోడ నానుకొని, మెడ వెనుకకు వాల్చి, వసారాలను క్రిందినుండి తీసెను. మేడపైనుండి వీథిలోని జనులను తీసెను. నాటికి అవి కన్నులు చెదరగొట్టినవి. నా మట్టునకు వానిలో కొన్ని కసరత్తుగా తోచును. నేడు పెండ్లిపందిరిపై డ్రోను ఎగురవేసి తీసిన ప్రతిచిత్రమును ఆ కోణమునుండియే యుండుటచేత, ఒకప్పటి తిరుగుబాటు ఇప్పుడు ప్యాకేజీలో చేర్చిన యొక పద్దు అయినది. కోణము వంటి క్రొత్తదనము త్వరగా అరగిపోవును.

ఇంక మన దేశమునకు, మన ఊళ్లకు వత్తము. లాలా దీనదయాళు 1844లో మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగముచేసి, ఛాయాచిత్రకళలో ప్రవేశించెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానములో ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదము నందెను. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ప్రసిద్ధము. కోటలు, వేటలు, సైనిక కవాతులు, నవాబుల విందులు, వీనినన్నిటిని పెద్ద గాజుప్లేట్లపై ఆయన తీసిన చిత్రములు హైదరాబాదు చరిత్రకు ఆధారములు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో ఆయన గాజు నెగటివులు 2,857 భద్రపఱుపబడియున్నవి.

నాకు మాత్రము ఆయన చేసిన పనులలో అన్నిటికంటె క్రొత్తదిగా కనబడునది కటకమునకు గాని ప్లేటుకు గాని సంబంధించినది కాదు. ఆనాటి హైదరాబాదులో గోషాలోనుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి ఫోటో తీయించుకొనుట పొసగదు. ఎంతటి నేర్పరియైనను ఆ ముఖములు ఆతని కెమేరాకు అందవు. 1892లో దీనదయాళు హైదరాబాదులో స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచెను. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పనివారందఱును స్త్రీలే. దాని నిర్వహణము కెన్నీ లెవిక్ అను ఆంగ్లేయ స్త్రీ చేతిలో నుండెను. కెమేరా అదియే. తెఱయు కుర్చీయు అవియే. మాఱినది కెమేరా వెనుక నిలువబడు మనిషి. అంతమాత్రముననే అంతకుమునుపు చిత్రములో లేని ఒక సంఘభాగము చిత్రములోనికి వచ్చినది. నేడు క్రొత్తదనముకొఱకు వెదకువారు క్రొత్త కటకముల వెలలు విచారించుటకు ముందు, తమ ఊరిలో ఎవరి ముఖములు ఎవరికిని అందుట లేదో, అందకపోవుటకు అడ్డమేమియో విచారించినచో మేలు.

ముఖముల ప్రస్తావన వచ్చినది గనుక, ఒక సంగతి దాపరికము లేక చెప్పవలసియున్నది. మన స్టూడియోలలో చిరకాలముగా చామనచాయవారిని తెల్లగా చేసి యిచ్చుట మర్యాదగా సాగుచున్నది. పెండ్లిచూపుల ఫోటో యన్నచో చెప్పనక్కఱలేదు. ఈ వక్రత మన బుద్ధిలో నుండుట నిజమే గాని, సాధనములలో కూడ నుండెడిది. రంగుఫోటోలు వ్యాపించిన తొలి దశాబ్దములలో, అచ్చొత్తువారు రంగులను సరిచూచుకొనుటకు కోడక్ సంస్థ ఒక నమూనా చిత్రమును పంపెడిది. 'షర్లీ కార్డు' అని దానికి పేరు. అందులో నుండునది తెల్లని మేనిచాయగల స్త్రీ. ఆమె చర్మము సరిగా వచ్చినచో అంతయు సరిగా వచ్చినట్లు లెక్క. నల్లని మేనివారు అదే అచ్చులో బొగ్గుముద్దవలె వచ్చినను అడుగువారు లేరు. తరువాత నమూనాలు మాఱినవి. ఇప్పుడు ఫోను తనంతట తానే క్షణములో కొన్ని బొమ్మలు తీసి, వానిని కలిపి, వెలుగునీడలను సరిచేసి యిచ్చుచున్నది. కొన్నిటిలో అడుగకుండగనే చర్మమును నున్నచేయుటయు కలదు.

నల్లని ముఖమును ఉన్నదున్నట్లుగా, అందముగా తీయుట ఒక విద్య. తెల్లసున్నము గోడముందర నిలువబెట్టినచో కెమేరా గోడ వెలుగునకు భయపడి ముఖమును చీకటిచేయును. ఎదుటినుండి చిన్నదీపము కొట్టినచో నుదుటిమీద నూనెచుక్కవలె మెఱపు మాత్రమే మిగులును. ఒక ప్రక్కనుండి, వెడల్పైన వెలుగు, అనగా తెఱచిన తలుపు గాని, తెల్లని పంచె కట్టిన కిటికీ గాని యుండవలెను. అప్పుడు నల్లని చర్మముమీద వెలుగు జాఱు తీరు, కంచుమీదను నల్లఱాతిమీదను జాఱునట్లు, తెల్లని చర్మమునకు రాని సొగసును చూపును. మన దేవాలయములలో నల్లఱాతి విగ్రహమును దీపపు వెలుతురులో చూచి పరవశించు మనము, ఆ చూపును మనిషి ముఖముమీదికి తేలేకపోవుట వింతయే. ఈ పని చేయదగిన స్థలము మన తెలుగుదేశముకంటె మఱొకటి నాకు తోచదు.

కాలమును పట్టుకొనుటలో మఱియొక త్రోవ కలదు. ఛాయాచిత్రమనగా రెప్పపాటు అని మన యలవాటు. జపానుకు చెందిన హిరోషి సుగిమోటో 1970లలో సినిమాహాలులో పెద్ద కెమేరా నిలిపి, ఆట మొదలైనపుడు మూత తెఱచి, ఆట ముగిసినపుడు మూసెను. రెండుగంటల చిత్రమునకు 1,72,800 బొమ్మలు తెఱమీద నడచును. అన్నియు ఒక్క ఫిల్ముముక్కమీద పడినవి. కథానాయకుడు లేడు, ప్రతినాయకుడు లేడు. తెఱ యంతయు తెల్లని వెలుగైనది. ఆ వెలుగులో హాలుయొక్క స్తంభములు, చెక్కడములు, ఖాళీకుర్చీలు కనబడినవి. మన మూడుగంటల చిత్రమునకైనచో లెక్క 2,59,200. అయితే మన పాత సినిమాహాలులో ఎవరైన అట్లే మూత తెఱచి కూర్చున్నచో వచ్చునది సుగిమోటో చిత్రముయొక్క నకలే. మన హాలులో నున్నది వేఱు. నేల టిక్కెట్టు, బెంచీ, ఈలలు, మొదటియాటకు చల్లిన కాగితపుముక్కలు, ఆటయైన పిదప వానిని ఊడ్చు స్త్రీ. తెఱవైపునకు గాక జనమువైపునకు కెమేరాను త్రిప్పి, సగమాట మేర మూత తెఱచియుంచినచో ఏమి వచ్చునో ఎవరైన చూడదగును. ఊళ్లలోని ఒంటితెఱ హాళ్లు ఒక్కటొక్కటిగా కల్యాణమండపములగుచున్నవి గనుక, ఆలస్యము చేయకుండుట మంచిది.

రెండుగంటలే యెక్కువ యనుకొన్నచో, నలుబదియేండ్ల ఫోటో సంగతి వినుడు. నికొలస్ నిక్సన్ అను అమెరికను 1975లో తన భార్యను, ఆమె ముగ్గురు సోదరీమణులను వరుసగా నిలిపి ఒక ఫోటో తీసెను. మఱుసటి యేట మఱల తీసెను. ఆ తరువాత ఏటేట, అదే వరుసలో, నలుబది యేండ్లకు పైగా తీసెను. ఏయొక్క చిత్రమును విడిగా చూచినను నలుగురు స్త్రీలు నిలువబడియున్నారనుటకంటె చెప్పుటకు పెద్దగా నుండదు. వరుసగా చూచినచో గొంతు పట్టుకొనును. ఒకరి భుజముపై నొకరు చేయి వేయుట, ఒక యేట దూరముగా జరుగుట, మెడలోని నరములు తేలుట, కన్నులు లోతుపడుట, అన్నియు తెలియును. మనకును కుటుంబపు గ్రూపుఫోటో యను గొప్ప సంప్రదాయ మున్నది. తాతగారు నాయనమ్మగారు కుర్చీలలో, కొడుకులు కోడండ్రు వెనుక నిలువబడి, పిల్లలు నేలమీద. కాని జీవితమున కొక్కమాఱు తీయించి, గోడకు తగిలించి, మఱచిపోవుదుము. అదే అరుగుమీద, అదే వరుసలో, ప్రతి సంక్రాంతికి తీసినచో ఏమగును? ఒక యేట ఒక కుర్చీ ఖాళీగా మిగులును. దాని నట్లే యుంచి తీయవలెను. ఇందుకు వెలగల కెమేరా యక్కఱలేదు. ఓపిక కావలెను. అమెరికాలోను గల్ఫుదేశములలోను ఉన్న కొడుకులు కూతుండ్రు పండుగకు రాలేనియేడు వారి స్థానములను ఎట్లు చూపవలెనన్నది మాత్రము ఒక చిక్కు. ఆ చిక్కునుండి కూడ ఒక మంచి చిత్రము పుట్టవచ్చును.

కెమేరాయే లేని ఛాయాచిత్రము కూడ నొకటి కలదు. 1842లో సర్ జాన్ హెర్షెల్ నీలిముద్ర పద్ధతిని కనిపెట్టెను. మఱుసటి యేట అన్నా అట్కిన్స్ అను ఆంగ్లేయ వనిత సముద్రపు నాచులను ఆ కాగితముపై నేరుగా పఱచి, ఎండలో బెట్టి, వాని యాకృతులతో గ్రంథము వెలువరింప మొదలిడెను. ఛాయాచిత్రములతో కూడిన మొదటి గ్రంథమని దానికి పేరు. మన ఇంజనీర్లు ఒకప్పుడు కట్టడముల నమూనాలకు వాడిన బ్లూప్రింటు ఈ పద్ధతియే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, పొటాషియం ఫెర్రిసయనైడు అను రెండు లవణములను వేఱువేఱుగా నీటిలో కరగించి, సమపాళ్లలో కలిపి, మసకవెలుతురులో కాగితముపై కుంచెతో పూసి, ఆరనీయవలెను. పైన ఆకు గాని, జాలరు గాని పఱచి, గాజుపలక మోపి, కొన్ని నిమిషములు ఎండలో నుంచి, నీటిలో కడిగినచో, నీడపడిన చోటు తెల్లగను, వెలుగుపడిన చోటు గాఢనీలముగను మిగులును. చేతులకు తొడుగు లుండవలెను, పిల్లలు చేయునప్పుడు పెద్ద లొకరు ప్రక్కన నుండవలెను. ఎండకు మనకు కొదువలేదు గదా!

ఇంత పాతపద్ధతిని నేటివారు క్రొత్తగా వాడుచున్నారు. అమెరికాలో మేగన్ రీపెన్‌హాఫ్ అను కళాకారిణి ఆ మందు పూసిన పెద్దకాగితములను సముద్రపుటొడ్డున అలలకే అప్పగించినది. అల కాగితముపై పాఱి, ఇసుకను రుద్ది, ఉప్పును విడిచి, తన బొమ్మను తానే వేసికొనినది. మన నిమ్మలకుంట తోలుబొమ్మలవారి పనితనమును చూచినపుడెల్ల నాకీ నీలిముద్ర తలపునకు వచ్చును. తోలు వెలుగు పాఱునంత పలుచన. నగలు, అంచులు అన్నియు సన్నని ఉలిరంధ్రములు. అట్టి బొమ్మ నొకదానిని ఈ కాగితముపై పఱచి ఎండలో బెట్టినచో, తెల్లని దేహముమీద నీలపు చుక్కలుగా ఆ నగలన్నియు దిగవలెను. ఆ కళాకారులును ఛాయాగ్రాహకులును కలిసి చేయదగిన పని యిది.

బొమ్మను తీయుటలో గాక, బొమ్మలను పేర్చుటలో క్రొత్తదనము చూపినవారు కొందఱు. జర్మనీలో బెర్న్‌డ్ బెహర్, హిల్లా బెహర్ అను దంపతులు 1959 నుండి నీటిట్యాంకులు, గనులమీది గోపురములు, కొలుములు మొదలైనవానిని, మబ్బుపట్టిన దినములందే, నీడలు లేకుండ, సూటిగా తీసిరి. ఒక్క నీటిట్యాంకు ఫోటో యెవరికి గావలెను? అదే తొమ్మిదింటిని గళ్లలో ప్రక్కప్రక్కన పేర్చగా, అవి ఒక కుటుంబములోని యన్నదమ్ములవలె, పోలికలతోను భేదములతోను నిలిచినవి. 1990లో వెనిస్‌లో వీరికి బంగారుసింహ బహుమతి లభించినది శిల్పకళా విభాగములో! ఫోటోలకు శిల్పమని బహుమతి యిచ్చుట హాస్యముకొఱకు గాదు.

మన దేశమునందు దయానితా సింగ్ చిత్రములను గోడకు తగిలించు పద్ధతినే మార్చినది. మడిచి, తెఱచి, వరుస మార్చగల కొయ్యచట్రములలో వాని నమర్చి, వానికి 'మ్యూజియము'లని పేరు పెట్టినది. 2013లో వెలువడిన 'ఫైల్ రూమ్' అను ఆమె గ్రంథమునిండ దస్త్రములే. గుడ్డమూటలు, త్రాళ్లు, బీరువాలు, చెదలకును తేమకును ఎదురొడ్డి నిలిచిన కాగితపు కొండలు. తాలూకా కచ్చేరి రికార్డుగదిని ఒక్కమాఱైన చూచినవారు ఆ చిత్రముల వాసనను కూడ గుర్తింపగలరు. 2022లో ఆమెకు హాసెల్‌బ్లాడ్ బహుమానము లభించినది. ఎవరును బొమ్మకు తగినదని తలపని వస్తువు ఆమెకు దొరకినది. అది మన యెదుటనే, అడ్డుగా, ఎన్నియో యేండ్లుగా పడియుండినది.

ఇప్పుడు యంత్రకల్పిత చిత్రముల సంగతి. 2023లో జర్మనుదేశీయుడు బోరిస్ ఎల్డగ్జెన్ సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో ఒక విభాగమున గెలిచి, ఆ బహుమతిని నిరాకరించెను. అది కెమేరాతో తీసినది కాదనియు, కృత్రిమమేధచేత కల్పింపబడినదనియు, ఇట్టివానిని ఫోటోలతో కలిపి పోటీపెట్టుట తగదనియు ఆయన వాదము. మఱుసటి యేట దీనికి తలక్రిందైన కథ జరిగినది. మైల్స్ ఆస్ట్రే అనునాతడు నిజముగా కెమేరాతో తీసిన ఒక ఫ్లెమింగో పక్షి ఫోటోను కృత్రిమమేధ విభాగమునకు పంపి, బహుమతి పొంది, నిజము చెప్పి, అనర్హు డయ్యెను. పక్షి తల వంచి పొట్ట గోకికొనుచుండుటచే తల కనబడదు. రెండు కాళ్లమీద ఒక గులాబిరంగు బంతి నిలిచినట్లుండును. నమ్మశక్యము కానట్టుండుటవలననే న్యాయనిర్ణేతలకు యంత్రకల్పన యనిపించినది. పులికాటు సరస్సువద్ద చలికాలములో ఆ పక్షులను చూచెడి సూళ్లూరుపేటవారికైనచో ఇందులో వింత కనబడియుండదు.

ఈ రెండు కథలనుండి నాకు తోచునది యిది. యంత్రము మనము ఇదివఱకు చూచిన కోట్లకొలది చిత్రములనుండి నేర్చికొని బొమ్మ నల్లును. కనుక సగటు సూర్యాస్తమయమును, సగటు సుందరిని, సగటు పల్లెటూరిని అది మనకంటె చౌకగా, వేగముగా చేసి పెట్టగలదు. అట్టి బొమ్మలు తీయుటయే వృత్తిగా గలవారికి కష్టకాలము వచ్చినదనుట సత్యము. దీనిని కప్పిపుచ్చుట వారికి మేలుచేయుట కాదు. కాని మీ నాయనమ్మ కుర్చీ ఈ సంక్రాంతికి ఖాళీగా నున్నదన్న సంగతి యంత్రమునకు తెలియదు. ఖాళీకుర్చీని అది వేయగలదు. ఆ ఖాళీకుర్చీని వేయలేదు. ఆ కుర్చీయెదుట, ఆ దినమున, ఒక మనిషి నిలువబడి యుండెనన్న సాక్ష్యము ఫోటోకు మిగిలిన యాస్తి. సాక్ష్యము పలుకువాడు అక్కడ నుండవలెను. అందుకు బదులు లేదు.

కడపట, పెండ్లిఫోటోలు తీయు మిత్రులకు రెండు మాటలు. వధూవరులను కోటగోడలమీదను సముద్రపుటొడ్డునను పరుగెత్తించి తీయు చిత్రములను కోరువారు కోరుచునే యుందురు. డబ్బిచ్చువారి కోరిక తీర్చుటలో తప్పు లేదు. ఆ పని ముగిసిన పిదప, మీకొఱకు ప్రతి పెండ్లిలోను పది చిత్రములు తీసికొనుడు. ఆ పదింటిలో వధూవరు లుండరాదని నియమము పెట్టుకొనుడు. గాడిపొయ్యివద్ద తెల్లవాఱుజామున బూందీ దూయు వంటవాడు, అప్పగింతల తరువాత గదిలో ఒంటరిగా కూర్చున్న తల్లి, డోలును గుడ్డతో తుడిచి మూటగట్టు వాద్యగాడు, మఱునాటి యుదయమున పందిరిగుంజలు పెఱకువారు. ఏడాదికి నలుబది పెండ్లిండ్లు తీయువారికి నన్నూఱు చిత్రము లగును. వానిని బెహర్ దంపతులవలె గళ్లలో పేర్చి చూచుకొనుడు. నలుబదిమంది తల్లులు ఒక గోడమీద కూర్చున్నచో ఆ గోడ యేమి చెప్పునో నాకును వినవలెనని యున్నది. అనుమతి యడిగి తీయుడు, ఏడ్చుచున్నవారిని తీయునప్పుడు మఱియు. ప్రతి చిత్రముతోను పేరు, ఊరు, తేదీ వ్రాసియుంచుడు. పాత స్టూడియోల గాజుప్లేట్లలో ఎన్నియో చక్కని ముఖములు నేడు ఎవరివో తెలియక పెట్టెలలో పడియున్నవి. వెనుక నొక పంక్తి వ్రాయుటకు ఆనా డెవరికిని తీరిక లేకపోయెను.